ఎవరికి మారుమూల?

పోయిన చలికాలం జగిత్యాలలో జరిగిన ఒక చిన్న సమావేశంలో మా సంస్థ తయారుచేసిన నివేదికను చదివి వినిపిస్తున్నాను. కోరుట్ల వైపు నుంచి బీడీలు చేసే అక్కలు, సిరిసిల్లలో సాంచెల మీదికి కండెలు చుట్టే ఆడవాళ్లు, రెండు తండాల నుంచి వచ్చినవాళ్లు, అంతా కలిసి ముప్పై మంది దాకా ఉన్నాం. “సిరిసిల్ల దగ్గరలోని ఒక మారుమూల గ్రామంలో...” అని మొదలుపెట్టానో లేదో, ఆ ఊరి నుంచే వచ్చిన ఒక పెద్దావిడ వెనుక వరసలోంచి లేచింది.

“జర ఆగు బిడ్డా. మాది మారుమూల అని ఎవలు చెప్పిన్రు నీకు? పొద్దుగాల నాలుగున్నరకు పాలబండి వస్తది. ఆరు కొట్టకముందే మా పాలు సిరిసిల్లల ఉంటయి. పాలకు దగ్గరున్న ఊరు మాకెట్ల దూరమైతది?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ మాట కొట్టేసి “సిరిసిల్ల దగ్గరలోని ఒక గ్రామంలో” అని చదువుకుంటూ పోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ఊరి గురించి ఆ మాట నేను రాయడం అది మొదటిసారి కాదు. మొదటిసారి రాసినదానికి ఆ ఊరి ఆడవాళ్లు మూల్యం చెల్లించారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు, నాకు తెలుసు.

పన్నెండు, పదమూడేళ్ల కింద ఒక నిధుల సంస్థకు దరఖాస్తు పెట్టాం. కుట్టు శిక్షణ, న్యాయ అవగాహన శిబిరాలు, రెండేళ్ల పని. వాళ్ల ఫారంలో “ప్రాంతం ఎంత మారుమూలది?” అని ఒక గడి. మనలో ఈ ఫారాలు నింపని వాళ్లెవరు! ఆ గడిలో “దగ్గరే” అని రాస్తే డబ్బులు రావని అందరికీ తెలుసు. నేను కూర్చుని, నాకున్న భాషంతా పెట్టి రాశాను. మారుమూల, వెనుకబడిన, రవాణాకు నోచుకోని, విసిరేసినట్టున్న ఊరు అని. నిజానికి ఆ ఊరికీ సిరిసిల్లకూ మధ్య తొమ్మిది కిలోమీటర్లు. అందులో ఆరు తారురోడ్డే. అప్పట్లో రోజుకు మూడుసార్లు బస్సు కూడా వచ్చేది. డబ్బులు వచ్చాయి, శిబిరాలు జరిగాయి, ఫొటోలతో చిన్న పుస్తకం కూడా వేసుకున్నాం.

2020లో కరోనా లాక్‌డౌన్‌తో బస్సులన్నీ ఆగాయి. తర్వాత ఒక్కొక్క ఊరికీ మళ్లీ వచ్చాయి గానీ ఈ ఊరికి రాలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేశారు. ఇది చిన్న విషయం కాదు. చేతిలో రూపాయి లేకపోయినా ఆడమనిషి తల్లిగారింటికి, దవాఖానకు, కచేరికి పోగలగడం అంటే ఏమిటో మనకు తెలుసు. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం, “టికెట్టు మాఫ్ చేసిన్రు, మాకు బస్సును గూడ మాఫ్ చేసిన్రు” అని ఎకసెక్కాలాడారు. సరేనని అర్జీ రాసి, సంతకాలు వేలిముద్రలు చేయించి, సంస్థ పలుకుబడి తెలియాలని మా పాత పుస్తకాన్ని కూడా జతచేసి ఒక కార్యాలయానికి పట్టుకుపోయాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, పుస్తకం తిరగేశాడు. “మేడం, మీరే రాశారు కదా విసిరేసినట్టున్న ఊరని. అంత లోపలికి బండి వేస్తే ఎక్కేవాళ్లెవరు? డీజిలు ఖర్చన్నా రావాలి కదా” అన్నాడు.

ఒక బల్ల దగ్గర డబ్బులు తెచ్చిన మాటే ఇంకో బల్ల దగ్గర బస్సును ఆపింది. దొరికింది రెండేళ్ల కుట్టు శిక్షణ. పోయింది బడికి, దవాఖానకు, బ్యాంకుకు పోయే దారి. అధికారి మీద కోపం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు గానీ, ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆ వాక్యం నా చేతిరాతే.

అప్పటినుంచి ఈ మాటల వెంట పడ్డాను. దూరంగా ఉన్న చోటును చెప్పడానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయి! మారుమూల, కుగ్రామం, శివారు, లోపటి ఊరు, వెనుకబడిన ప్రాంతం, ఏజెన్సీ, నిర్మానుష్యం. పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తాయి. మనమూ వాడేస్తాం. కానీ వీటిలో ఏది కాగితం మీదికి ఎక్కిందన్నదాన్ని బట్టి ఆడమనిషి బతుకు మారిపోతుంది.

‘మూల’ దగ్గరే మొదలుపెడదాం. మూల అనేది ఊరికి సంబంధించిన మాట కాకముందు ఇంటికి సంబంధించిన మాట. పెద్దమనిషైన పిల్లను మూల కూర్చోబెట్టారు. మొగుడు పోయిన ఆడదాన్ని మూల కూర్చోబెట్టారు. పనికిరాని సామాను మూలకు పడుతుంది, మనం పెట్టిన అర్జీ కూడా మూలన పడుతుంది. ‘దూరం’, ‘బయట’ అనే మాటలూ అంతే. నెలసరి వచ్చిన ఆడది “దూరముంది”, “బయట ఉంది”. ఇంట్లోనే ఉంటుంది, పొయ్యికి పది అడుగుల్లో ఉంటుంది, అయినా దూరం. కొలత కిలోమీటర్లలో ఉండదని, ఎవరు నడుమ కూర్చున్నారో వాళ్లే కొలుస్తారని మనకు చిన్నప్పుడే, ఇంట్లోనే తెలిసిపోయింది. అటువంటి మనం ఊళ్ల విషయానికి వచ్చేసరికి ఆ పాఠం ఎట్లా మరిచిపోయామో నాకు అర్థం కాదు.

ఊరవతల ఉన్న వాడ సంగతి కూడా ఇదే. ఊరికీ వాడకూ నడుమ చాలాచోట్ల ఒక వాగో, ఒక చేనో, అది కూడా లేకపోతే ఒక సందో. రెండు వందల గజాలు. ఆ రెండు వందల గజాల దూరం బస్సు వేస్తే తగ్గేది కాదు. దాన్ని ఏ ఫారంలోనూ “మారుమూల” కింద రాయరు.

‘కుగ్రామం’ మాట ఇంకా విచిత్రం. ‘కు’ అంటే చెడ్డది అని కదా. కుబుద్ధి, కుతంత్రం, కుగ్రామం. ఊరు చిన్నదైతే చాలు, చెడ్డదైపోయింది. ఇదే మాటను మన పత్రికలు ఇంకోచోట మహా సంబరంగా వాడతాయి. సరళీకరణ వచ్చిన కొత్తలో ఉపన్యాసాల్లో, వ్యాసాల్లో “ప్రపంచమే ఒక కుగ్రామం అయిపోయింది” అని వినని రోజు లేదు. ఇప్పటికీ వింటూనే ఉన్నాం. ప్రపంచం కుగ్రామమైతే గొప్ప, సిరిసిల్ల పక్క ఊరు కుగ్రామమైతే జాలి! నిజంగా ప్రపంచాన్ని కుగ్రామం చేసింది ఎవరైనా ఉంటే, దుబాయిలో ఇటుకలు మోసే కోరుట్ల కూలీలు, బీవండిలో సాంచెలు నడిపే సిరిసిల్ల పద్మశాలీలు. వాళ్ల సంగతి ఆ ఉపన్యాసాల్లో ఉండదు.

ఇక ‘శివారు’. హైదరాబాద్‌లో ఈ మాటకు ధర ఉంది. “నగర శివారులో ప్లాట్లు” అని ప్రకటనలు చూస్తాం కదా, అక్కడ శివారు అంటే రేపో మాపో కోట్లు పలికే జాగా. మా వైపు ఊరి శివారు అంటే ఊరి హద్దు, ఆ హద్దులోని భూములు. శివారు పల్లె అంటే పెద్ద ఊరి పంచాయతీకి తోకలాగా అంటుకుని ఉన్న చిన్న పల్లె. రేషన్‌కు పెద్ద ఊరికే, పింఛనుకు పెద్ద ఊరికే, బోరు చెడిపోయిందని చెప్పాలన్నా పెద్ద ఊరికే. సర్పంచు పెద్ద ఊరివాడే అవుతాడు, ఓట్లు అక్కడే ఎక్కువ గనక. తండాలన్నీ చాలాకాలం ఇట్లాగే బతికాయి. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో ఐదు వందల జనాభా దాటిన తండాలు, గూడేలు వెయ్యికి పైగా సొంత పంచాయతీలయ్యాయి. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. ఒక తండా సర్పంచమ్మ నాతో అన్నది, “అంతకుముందు మేము గ్రామసభకు పోతే దర్వాజ దగ్గర నిలబడెటోళ్లం, ఇప్పుడు దర్వాజే మాది” అని. ఆమె సంతకం పెట్టే కాగితాలు భర్త చేతిలో ఉంటున్నాయన్న సంగతి కూడా ఆమే చెప్పింది, అడగకుండానే, నవ్వుతూ. తండా పంచాయతీకి దగ్గరైంది. ఆమె ఇంకా రావలసి ఉంది. ఐదు వందలకు పది మంది తక్కువైన తండాలేమో ఇంకా శివారులోనే ఉన్నాయి.

‘ఏజెన్సీ’ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. భద్రాచలం, ఉట్నూరు వైపు పనిచేసే మిత్రులకు ఏజెన్సీ అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. ఆదివాసీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా 1/70 చట్టం ఉండే చోటు. కోరుట్ల బజారులో ఏజెన్సీ ఎక్కడ అని అడిగి చూడండి, గల్ఫ్‌కు వీసాలు ఇప్పించే కొట్టు చూపిస్తారు. జగిత్యాల, సిరిసిల్ల తండాల లంబాడాలు షెడ్యూల్డ్ తెగలవాళ్లే గానీ వాళ్ల ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అందుకని 1/70 వాళ్ల భూమికి వర్తించదు. భూమి కాపాడే ఏజెన్సీ వాళ్లకు లేదు, భూమి తాకట్టు పెట్టించే ఏజెన్సీ మాత్రం గడప ముందరే ఉంది.

ఇప్పటి పిల్లలకు తెలియని ఒక మాట మా ప్రాంతానికి ఉండేది. ‘కల్లోలిత ప్రాంతం’. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ, దండుగలకూ, దొరలు ఆక్రమించిన భూములకూ వ్యతిరేకంగా పల్లెల నుంచి వేలాది మంది కూలీలు, రైతులు కదిలివచ్చారు. నెలన్నర తిరగకుండానే, అక్టోబర్ 20న, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1948 నాటి చట్టాన్ని బయటికి తీసి సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసులకు కాల్పుల దాకా ప్రత్యేక అధికారాలు ఇచ్చే చట్టం అది.

ఒక్కసారి ఆలోచించండి. సెప్టెంబర్ దాకా అవే ఊళ్లు మారుమూల ఊళ్లు. రోడ్డు వేయండి అంటే దూరం, డాక్టరును పంపండి అంటే దూరం, వెట్టి చేయిస్తున్నారని మొరపెట్టుకుంటే కూడా దూరం. అక్టోబర్‌లో మాట మారింది. మాట మారగానే దూరం మాయమైంది. జీపులు పోయాయి, క్యాంపులు వెలిశాయి. వర్షాకాలంలో దాటలేమన్న వాగులను కూడా పోలీసులు దాటారు. మగవాళ్లు ఊరొదిలి పోతే ఇళ్లలో ఉన్నది ఆడవాళ్లు. క్యాంపు పక్కనే నీళ్లు తెచ్చుకున్నదీ, ప్రశ్నలకు జవాబు చెప్పిందీ, అరెస్టయిన కొడుకుల కోసం సద్దులు కట్టుకుని తిరిగిందీ వాళ్లే. ఆ తరం ఆడవాళ్లలో కొందరిని నేను చూశాను. వాళ్లు సంవత్సరాలు చెప్పరు, “కాంపు పడ్డ ఏడు” అంటారు.

ఆ ఉద్యమంలో ఇంకో సంగతి జరిగింది. చాలా ఊళ్లలో జనం దొరలను సాంఘికంగా బహిష్కరించారు. గడీలో బట్టలుతికేవాళ్లు లేరు, క్షవరం చేసేవాళ్లు లేరు, పాలేర్లు లేరు. గడీ ఊరి నడుమనే ఉండేది. రాత్రికి రాత్రి అది ఊరి అంచుకు జరిగిపోయింది. ఊరి ఆడవాళ్లకు అన్నింటికన్నా దగ్గరగా ఉండి, అన్నింటికన్నా భయపెట్టిన ఇల్లు అది. దాన్ని ఏ పటంలోనూ ఎవరూ మారుమూల అని గుర్తుపెట్టలేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే మాటకు వస్తాను. ‘నిర్మానుష్యం’.

చాలా ఏళ్ల కింద ఒక కూలి స్త్రీకి తోడుగా ఒక పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. భర్తకు సద్ది పట్టుకుని మక్కచేను గట్టు మీదుగా పోతుంటే, ఆమెకు తెలిసినవాడే, పక్క పొలం ఆసామి, ఆమె మీద అత్యాచారం చేశాడు. ఆమె చెబుతుంటే రాసుకునే మనిషి తన భాషలో రాసుకుంటూ పోయాడు. చదివి వినిపించినప్పుడు “నిర్మానుష్య ప్రదేశంలో ఒంటరిగా వెళ్లుచుండగా” అని వచ్చింది. ఆమె తలెత్తి, “నిర్మానుష్యం అంటే ఏంది?” అని నన్నడిగింది. “మనుషులు లేని చోటు అక్కా” అన్నాను. “నేనున్న గద” అన్నది.

అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఎఫ్‌ఐఆర్ అయితే చాలు, భాష సంగతి తర్వాత అనుకున్నాను. కోర్టులో అవతలి లాయరు మొదటి ప్రశ్నే అది. “మనుషులు తిరగని చోటికి ఒక్కదానివే ఎందుకు పోయావు?” ఆమె రోజూ పోయే దారి అది. ఏడేళ్లుగా, రోజుకు రెండుసార్లు. ఆ గట్టు మీద పొద్దున కలుపుకు పోయే ఆడవాళ్లు ఇరవై మంది నడుస్తారు. వాళ్ల అడుగులతోనే ఆ గట్టుకు దారి పడింది. అయినా కాగితం మీద అది నిర్మానుష్యం. అంటే ఆడవాళ్లు నడిచే చోటు మనుషులు నడిచే చోటు కాదన్నమాట! పైగా అటువంటి చోట కనిపించిన ఆడది ఏదో పని మీదే వచ్చి ఉంటుందన్న అనుమానం ఆ మాటతో పాటు ఉచితంగా వస్తుంది. కేసు నిలవలేదు. ఆ ఒక్క మాట వల్లే నిలవలేదని నేను అనను, ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఆ మాటను అక్కడే, ఆ బల్ల దగ్గరే మార్పించి ఉండవలసింది. “కూలీలు రోజూ నడిచే గట్టు మీద” అని రాయించి ఉండవలసింది. ఆ పని నాది, నేను చేయలేదు.

పోనీ, మనుషులున్న చోట ఆడది భద్రంగా ఉందా? జగిత్యాల జైత్రయాత్ర జరిగిన ఆ 1978లోనే, మార్చి నెలాఖరున, హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త అహమ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. రాయచూరు! హైదరాబాద్ నడిబొడ్డున జరిగిన నేరానికి న్యాయం అంత దూరం పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మథుర కేసులో పోలీసులను విడుదల చేసింది. మహారాష్ట్రలో, 1972లో, అదీ పోలీసు స్టేషన్‌లోనే. బయట ఆమె బంధువులు నిలబడి ఉండగానే. ఆ తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, దేశమంతటా స్త్రీలు చేసిన ఉద్యమం, 1983లో చట్టం మారడం, ఇవన్నీ ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. నేను అడిగేది ఒక్కటే. స్టేషన్లను ఎవరైనా నిర్మానుష్య ప్రదేశాలని రాశారా?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని 173వ సెక్షన్‌లో ఉంది. మా పరిధి కాదు, అటు పొమ్మని తిప్పి పంపడానికి వీల్లేదు. మంచిదే. దగ్గరి స్టేషన్‌కు పోవచ్చు. అక్కడ రాసే వాక్యం ఏమిటో చూసుకోవడం మాత్రం పక్కన నిలబడ్డ మనదే.

దూరాన్ని తగ్గించడం సర్కారుకు చేతకాక కాదు. 2016 అక్టోబర్ 11 దాకా కోరుట్లకైనా సిరిసిల్లకైనా జిల్లా అంటే కరీంనగరే. గృహహింస చట్టం కింద రక్షణాధికారిని కలవాలంటే కోరుట్ల పక్క ఊరి ఆడమనిషి సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్లు పోయి రావాలి. పోయిన రోజు సారు మీటింగులో ఉంటే ఇంకోరోజు. బీడీలు చేసే మనిషికి ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ తారీఖున జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. ఒక్క రోడ్డు కూడా జరగలేదు, ఒక్క ఊరు కూడా కదలలేదు, కోరుట్లకు జిల్లా ఇరవై అయిదు కిలోమీటర్లకు వచ్చింది. 2017లో నిజామాబాద్ దాకా రైలుమార్గం పూర్తయితే కోరుట్లకు రైలు కూడా వచ్చింది.

అయినా కోరుట్ల ఆడవాళ్లు దూరాన్ని వేరేగా లెక్కపెడతారు. అక్కడ గల్ఫ్ దేశాలన్నింటికీ ఒకటే పేరు, దుబాయి. సౌదీ అయినా మస్కటైనా కువైటైనా “దుబాయి పోయిండు”. మా చిన్నప్పుడు ఇల్లు విడిచి పోయినవాణ్ని “దేశాలు పట్టిపోయిండు” అనేవాళ్లు. ఇక తిరిగి రాడేమో అన్న బెంగ ఆ మాటలో ఉండేది. దుబాయి అన్నప్పుడు ఆ బెంగ లేదు. రోజూ రాత్రి ఫోనులో మొహం కనిపిస్తుంది. ఒక బీడీ అక్క నాతో అన్నది, “మా ఆయన దుబాయిల ఉంటే దగ్గరనే ఉన్నట్టు ఉండె మేడం. సచ్చిపోయినంకనే ఎంత దూరమో తెలిసింది” అని. శవం శంషాబాద్ దాకా రావడానికి వారాలు పట్టింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. దానికోసం ఆమె వారసత్వ ధ్రువపత్రానికి ఒక కచేరి, మరణపత్రానికి ఇంకో కచేరి, బ్యాంకు, మళ్లీ కచేరి తిరిగింది. అత్తగారింటివాళ్లు ఆమె పేరు రాయనీయలేదు. ఇంటికీ ఆ కచేరికీ మధ్య నాలుగు కిలోమీటర్లు. దుబాయికి ఆయన పోయింది నాలుగు గంటల్లో, ఈ నాలుగు కిలోమీటర్లు ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఆమె బతుకును ఏ ఫారం మారుమూల అంటుంది? జాతీయ రహదారి పక్కన ఇల్లు, రైలుస్టేషను, చేతిలో ఫోను.

జగిత్యాల సమావేశం తర్వాత నెలకు నేను ఆ సిరిసిల్ల ఊరికి మళ్లీ పోయాను, ఆటోలో. పుస్తకం సంగతి, అధికారి చెప్పిన సంగతి, దాచకుండా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోప్పడతారనుకున్నాను. ఆ పెద్దావిడే, “మరి పైసలొచ్చినయి గద, మా కోడలు మిషన్ నేర్సింది” అన్నది. ఆ మాట నన్ను తేలికపరచలేదు సరిగదా, ఇంకా బరువు చేసింది.

కొత్త అర్జీ అక్కడే కూర్చుని రాశాం. ఊరు ఎంత దూరం అని రాయలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత దూరం అని వాళ్లు చెబుతుంటే రాసుకుంటూ పోయాను. పాలకు అరగంట. బీడీల గంపకు ముప్పావుగంట, ఖార్ఖానా బండి వస్తుంది గనక. ఓట్ల రోజు ఏ పార్టీ వాళ్లకైనా పది నిమిషాలు. ఇంటర్ చదివే పిల్లకు నడిచి గంటంపావు, చలికాలం సాయంత్రం అయితే మూడు కిలోమీటర్ల దారిలో ఒక్క దీపం లేదు. ఇద్దరు పిల్లలు అందుకే చదువు మానేశారు, ఒకరికి పెళ్లి చేశారు. రాత్రి పన్నెండుకు నొప్పులొస్తే, ఫోను చేసిన బండి వచ్చేదాకా ఎంతసేపంటే అంతసేపు. మొగుడు కొట్టి బయటికి తోసినదానికి ఎంత దూరమని నేను అడిగాను. దానికి ఎవరూ లెక్క చెప్పలేదు. ఒకామె మాత్రం, “అది రాయకు, ఆ అర్జీల మా ఆయన సంతకం గూడ ఉంటది” అన్నది. రాయలేదు.

ఆ అర్జీ ఇచ్చి వచ్చాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోపు నా బల్ల మీద కొత్త నిధుల ఫారం ఒకటి ఉంది. చివరి తేదీ దగ్గరపడింది. మూడో పేజీలో ఆ గడి మళ్లీ ఉంది, “ప్రాంతం ఎంత మారుమూలది?” అని. మిగతా పేజీలన్నీ నింపాను. ఆ ఒక్కటి ఖాళీగా పెట్టాను. ఆ ఊరివాళ్లు చెప్పిన లెక్క రెండు పేజీలుంది, ఆ గడిలో పట్టదు.